ఖాదర్ సార్ నెలవంక

ఇప్పుడే పెన్సిలు రబ్బరు ముక్కొకటి బ్లేడుతో సన్నగా కోసి, కెమెరా తీగ చివరనున్న ఇత్తడి పళ్ళను రుద్దాను. రుద్దగానే ఆ వాసన లేచింది. అందరికీ అది బడి సంచీ వాసన. నాకు మాత్రం ఖాదర్ సార్ చొక్కా జేబు వాసన. ఆయన జేబులో పెన్ను ఉన్నా లేకపోయినా రబ్బరు ఉండేది. విశాఖపట్నం ఉప్పుగాలికి ఇనుమనీ ఇత్తడనీ తేడా లేదు, ఏదైనా పాడవాల్సిందే. ఫలానా మిషను పనిచెయ్యడం లేదని ఎవరొచ్చి చెప్పినా, ఆయన ముందు దాని లోపలి కార్డు బయటికి లాగి, అంచునుండే రాగి గీతలను రబ్బరుతో తుడిచి, ఉఫ్ మని ఊది, మళ్ళీ పెట్టేవారు. సగం జబ్బులు అక్కడే కుదిరేవి. ఈ సాయంత్రం నెలవంక రావాలి. సబ్బవరంలో మా డాబా మీద నిలబడి పడమటికి చూస్తే మబ్బు తప్ప ఏమీ లేదు. అయినా తీగ తుడిచి, కెమెరాను స్టాండుకి బిగించాను. మబ్బు పట్టిందని మానేస్తే ఆయన ఊరుకునేవారు కాదు. "మబ్బుందని గదిలో కూకుని సెప్పకు. పైకెల్లి సూసి సెప్పు," అనేవారు.

ఆయన నా మొదటి పైఅధికారి. గాజువాక దాటాక ఒక పెద్ద కర్మాగారం, పేరెందుకు లెండి, అందులో కొలిమి వేడినీ గ్యాసు ఒత్తిడినీ కొలిచే పరికరాల విభాగానికి పెద్ద. నేను ఎలమంచిలిలో పెరిగి, డిప్లొమా చదివి, ట్రైనీగా అక్కడికి వెళ్ళాను. పేరు రూతు. నోరు ఊరుకోని పిల్లనని ఇంట్లోనూ చర్చిలోనూ నాకు పేరుంది. చేరిన కొత్తలో ఒకరోజు కొలిమి దగ్గర వేడి చూపించే మీటరు పనిచెయ్యడం మానేసింది. సార్ నన్ను పంపారు. చూసి, పరిగెత్తుకొచ్చి, నా తెలివంతా ఆయన బల్ల మీద ఒలకబోశాను.

"లోపలి సెన్సరు కాలిపోయింది సార్."

"కాలిపోవడం నువ్వు సూసావా?"

"లేదు సార్. మీటరు సున్నా చూపిస్తోంది. అంటే కాలిపోయినట్టే కదా."

"అంటే గింటే తరవాత. నీకేటి కనబడింది, అది సెప్పు."

"సున్నా కనబడింది."

"మరదే సెప్పు. ఎల్లు, మళ్ళీ సూసిరా."

వెళ్ళాను, వచ్చాను, మళ్ళీ పంపారు. ఆ సెగకి మొహం మండిపోతోంది, ఈయన తీరుకి ఒళ్ళు మండిపోతోంది. నా మీద ఏం పగబట్టారు బాబూ అని గొణుక్కుంటూ చివరిసారి వెళ్ళినప్పుడు, చూడడానికి ఇంకేమీ మిగలక, పెట్టె మూత తీసి లోపలికి చూశాను. ఒక మర వదులైపోయి తీగ వేలాడుతోంది. ఈసారి వచ్చి, పోయిందనీ కాలిందనీ అనకుండా, "ఎడమవైపు మర వదులుగా ఉంది, తీగ దానికి తగలడం లేదు," అన్నాను. ఆయన సొరుగులోంచి స్క్రూడ్రైవరు తీసి నా చేతిలో పెట్టారు. సెన్సరు కాలిందని నేనన్న మాట పట్టుకుని ఉంటే కొలిమి ఆపాల్సి వచ్చేదని ఆ తరవాతగాని నాకు తట్టలేదు. అంత కోపంలోనూ నోరు ఊరుకోక, మీరే వచ్చి చూస్తే నిమిషంలో తేలిపోయేది కదా సార్ అని అడిగాను.

"నాను సూత్తే నాకు తెలుస్తాది. నీకేటి తెలుస్తాది?" అన్నారు.

ఈ పట్టుదల ఎక్కడిదో తరవాత ఆయన నోటే విన్నాను. వాళ్ళది పాతనగరం. తండ్రి చేపల పడవలకి తాళ్ళు అమ్మేవారు. రంజాన్ చివర నెలవంక కోసం చూసే సాయంత్రం ఆ తండ్రి కొడుకులందరినీ డాబా ఎక్కించేవారట. దానికి వాళ్ళింట్లో ఒక పద్ధతి. డాబా మీద ఎవరూ ఏదీ ముట్టుకోకూడదు, మాట్లాడకూడదు, ముఖ్యంగా వేలు చూపించకూడదు. ఒకడు వేలు చూపిస్తే పక్కవాడికి లేని చంద్రుడు కూడా కనబడతాడని ఆయన నమ్మకం. కనబడినవాడు నెమ్మదిగా వచ్చి తండ్రి చెవిలో చెప్పాలి, ఎంత ఎత్తులో ఉందో, కొమ్ములు ఎటున్నాయో. చెవిలో పడిన మాటలన్నీ కలిస్తేనే ఆయన మసీదుకి వెళ్ళి సాక్ష్యం చెప్పేవారు. ఒక ఏడు చిన్న ఖాదరు, అన్న మొహంలో వెలుగు చూసి, ఏమీ కనబడకుండానే వెళ్ళి కనబడిందని చెవిలో చెప్పేశాడట. కొమ్ములు ఎటున్నాయని అడిగితే నోరు పెగల్లేదట.

"కొట్టారా సార్?" అని అడిగాను.

"కొట్టుంటే మర్సిపోదును. 'ఒరే, నీ మాట నమ్మి ఊరంతా రోజా ఉపవాసం వదిలేద్దుమురా' అన్నారు. అంతే. అది పోదు కదమ్మా."

నిజంగానే అది ఆయన్ని వదల్లేదు. దానివల్ల ఆయనకి జరిగిన నష్టం నేను కళ్ళారా చూశాను. ఒకసారి గ్యాసు లైనులో ఒత్తిడి పెరిగి వాల్వు ఒకటి పాడైంది. దేవుడి దయవల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ పూట పనిలో ఉన్న కాంట్రాక్టు మనిషి తప్పుగా తిప్పాడని ఖాదర్ సార్ చేత సంతకం పెట్టించి సంగతి ముగించేద్దామని పైవాళ్ళ ఆలోచన. సార్ ప్రమోషను అప్పుడు వాళ్ళ చేతిలోనే ఉంది. "తిప్పడం నాను సూడలేదు. సూసినోడెవడైనా ఉంటే ఆడి సేత పెట్టించండి," అని లేచి వచ్చేశారు. ప్రమోషను ఇంకొకరికి పోయింది. నేను ఆగలేక ఆయన గదిలోకి వెళ్ళి, ఒక్క సంతకానికి ఇంత పంతమేమిటి సార్, ఇంట్లో ఫాతిమమ్మ మొహం చూసైనా పెట్టి ఉండాల్సింది అని కేకలేశాను. ఫాతిమమ్మంటే ఆయన భార్య. ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. ఆయన టీ తాగుతూ నేను చెప్పిందంతా విన్నారు. "అయిపోయిందా? ఆ ఫ్యాను సూడు, శబ్దం సేత్తంది," అన్నారు. నేను స్టూలెక్కి, ఏడుస్తూ, ఆ ఫ్యాను చూశాను.

రిటైరయ్యాక ఆయన పాతనగరం ఇంట్లోనే ఉన్నారు. నేను ఆయన కుర్చీకి దగ్గరగా ఎదిగాను, పెళ్ళి చేసుకున్నాను, సబ్బవరంలో కొత్తగా వేసిన కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. పండగకీ పబ్బానికీ మాత్రం పాతనగరం వెళ్ళాల్సిందే, లేకపోతే ఫాతిమమ్మ ఫోనులో దులిపేసేది. ఒక బక్రీదుకి వెళ్ళినప్పుడు, ఆమె అందించిన నీళ్ళ గ్లాసు కోసం సార్ చెయ్యి చాచి, గ్లాసు పక్కన గాలిని పట్టుకున్నారు. నేను చూసీ చూడనట్టు తలతిప్పుకున్నాను. ఆయనే చెప్పారు. కళ్ళకి నీటికాసులట. ఆలస్యంగా బయటపడిందట. చూపు అంచుల నుంచి మూసుకుంటూ వస్తోంది, మధ్యలో గొట్టంలోంచి చూసినంత మిగిలింది, అదీ ఎన్నాళ్ళుంటుందో డాక్టరు చెప్పడం లేదు.

"మొన్న రంజానుకి నెలవంక దొరకలేదు రూతూ," అన్నారు. "అందరూ సూసేసారు. అంత ఆకాశంలో ఆ గీత ఎక్కడుందో నా గొట్టానికి దొరకలేదు. వచ్చే రంజానుకి ఒక్కసారి సూడాలమ్మా. ఆ తరవాత పోతే పోనీ."

ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. నా బుర్ర అప్పటికప్పుడే పరుగు మొదలెట్టింది. ఆకాశంలో వెతకడమే కష్టమైతే, ఆకాశాన్నే ఆయన ముందుకు తెస్తే సరి. ఆయన దగ్గర పాత కెమెరా, దానికి పొడుగాటి లెన్సూ ఉన్నాయి. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు ఒకటి కొంటాను. కెమెరాను దానికి తగిలించి, దాన్ని టీవీకి తగిలిస్తే, నెలవంక తెర నిండా వచ్చి కూర్చుంటుంది. నక్షత్రాలను ఫొటోలు తీసేవాళ్ళు ఇలాగే చేస్తారని ఎక్కడో చదివాను. "ఇదెంత పని సార్!" అనేశాను. ఆ మాట అన్నందుకు నెలల తరబడి అనుభవించాను.

మొదటి అడుగులోనే చిన్న కంప్యూటరు నాకు కెమెరా దొరకడం లేదు పొమ్మంది. తీగ బాగానే ఉంది, కెమెరా వెలుగుతోంది, మరి దొరక్కపోవడమేమిటి? చర్చి మానేసి ఒక ఆదివారమంతా దాని ముందు కూర్చుంటే తేలింది. ఫొటోలు చూపించడానికి ఆ కంప్యూటరులోనే ఒక ప్రోగ్రాము ఉంది. తీగ పెట్టగానే అది ముందుగా వెళ్ళి కెమెరాను పట్టుకుంటోంది. ఒకరు పట్టుకున్న కెమెరా ఇంకొకరికి దొరకదు. సార్‌కి చెబితే పగలబడి నవ్వారు. "మనకంటే ముందే ఎవడో దాని సెయ్యి పట్టుకున్నాడన్నమాట. వదిలించీ!" అన్నారు. వదిలించాను. ఆ తరవాత చిన్న కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోవడం మొదలెట్టింది. విసుగొచ్చి ఒకే పూట తీగ మార్చాను, ఛార్జరు మార్చాను, ప్రోగ్రాము కొత్తది వేశాను. చక్కగా పనిచేసింది. గర్వంగా ఆయనకి ఫోను చేశాను.

"మూడూ ఒకేసారి మార్సీసావా? మరి బాగుసేసింది ఏది?"

"పనిచేస్తోంది కదా సార్, ఏదైతే ఏం?"

"రేపు ఆగిపోతే దేన్ని తిడతావు?"

ఇంత చేస్తే ఒక్క మంచిమాట లేదని ఒళ్ళుమండి ఫోను పెట్టేశాను. ఆయనన్న రేపు రానే వచ్చింది. గదిలో ఎప్పుడు చూసినా బొమ్మ నిక్షేపంగా వచ్చేది. గోడ మీది క్యాలెండరు, కిటికీలోంచి కనబడే కాకి, దేన్ని చూపించమన్నా చూపించేది. అదే సరంజామాను పాతనగరం డాబా ఎక్కిస్తే, సరిగ్గా నెలవంక రావలసిన వేళకి తెర నల్లబడేది. నెలవంక రోజూ వచ్చేది కాదు కదా, సన్నటి గీతగా ఉండేది నెలలో ఒక్క సాయంత్రమే, అదీ కాసేపే. వానాకాలమంతా మబ్బులకి పోయింది. వానలు తగ్గాక మొదటి నెలవంకకి ముగ్గురం డాబా ఎక్కాం. పోర్టు క్రేన్ల వెనక సూర్యుడు దిగాడు. వాళ్ళ నాన్నగారి పద్ధతి ప్రకారం కదలకుండా నిలబడ్డాం. తెర నల్లబడింది. నేను తీగలు లాగి పెట్టి మళ్ళీ బొమ్మ తెచ్చేసరికి నెలవంక క్రేన్ల కిందికి వెళ్ళిపోయింది. మరుసటి నెల తీగ ఒక్కటే మార్చాను. మళ్ళీ అంతే. ఆ పై నెల ఛార్జరు ఒక్కటే మార్చాను. మళ్ళీ అంతే. అక్కడ ఆయన చూపు సన్నబడుతోంది, ఇక్కడ నాకు నెలలు తరిగిపోతున్నాయి.

ఆ సాయంత్రం నేను తీగను విసిరికొట్టి, డాబా మీదే చతికిలబడి ఏడ్చేశాను. నావల్ల కాదు సార్, ఇది నాకు అచ్చిరాలేదు, ఇంకెవరినైనా పిలిపించండి అన్నాను. ఆయన తడుముకుంటూ వచ్చి, పిట్టగోడ పట్టుకుని, నా పక్కనే నేల మీద కూర్చున్నారు.

"ఏడుపయ్యాక సెప్పు. ఏటి సూసావు?"

"తెర నల్లబడింది."

"దానికి ముందు?"

"ముందేముంది సార్? ఊరికే నిలబడ్డాం."

"గదిలో కూడా ఊరికే నిలబడతావేటి?"

"గదిలో ఎందుకు నిలబడతాను? కెమెరా దగ్గరుండి ఏదో ఒకటి నొక్కుతూనే ఉంటాను..."

అని, ఆగిపోయాను. ఆయన కెమెరా వైపు తల తిప్పారు. ఏటయింది ఇద్దరికీ అని ఫాతిమమ్మ కంగారుపడింది. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే ఆ కెమెరా, బ్యాటరీ మిగుల్చుకోవడానికి, తనంతట తాను నిద్రపోతుంది. గదిలో నా చేతులు ఊరుకోవు కాబట్టి దానికి నిద్రపోయే తీరిక లేదు. డాబా మీద మేము ఏదీ ముట్టుకోకుండా, ఊపిరి కూడా గట్టిగా తియ్యకుండా, భక్తిగా నిలబడేవాళ్ళం. అది హాయిగా పడుకునేది. నేను వెళ్ళి ఫొటో తీసే బటను కొద్దిగా నొక్కాను. తెర మీద బొమ్మ లేచి కూర్చుంది.

"మా నాన్న పద్ధతే దాన్ని జోకొట్టీసింది!" అని సార్ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నిద్ర మాన్పించే సెట్టింగు కెమెరాలోనే ఉంటుంది గాని, దాని వెనకనుండే బటన్లు ఉప్పుగాలికి ఎప్పుడో పనిచెయ్యడం మానేశాయి. కాబట్టి ఎవరో ఒకరు పక్కనే నిలబడి బటనును అప్పుడప్పుడూ మెల్లగా తట్టాల్సిందే. ఆ ఇంటి డాబా మీద తరాలుగా ఉన్న నియమాన్ని ఆయనే సడలించారు. "రూతు వేలొక్కదానికి మాఫీ," అన్నారు.

ఆ తరవాతి నెలవంక తెర మీదికి వచ్చింది. ముక్కు టీవీకి ఆనించి, సన్నగీత ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆయన తల తిప్పుతూ చూశారు. "కొమ్ముల మధ్యలో మిగిలిన గుండ్రం కూడా మసగ్గా కనబడతంది రూతూ!" అన్నారు. అది నిజం, జాగ్రత్తగా చూస్తే నాకూ కనబడింది. ఆ శీతాకాలంలో గురుగ్రహం పక్కనుండే చుక్కలను కూడా చూపించాను. ఆయన మొహంలో ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు నిండిపోతుంది. రంజాను నెల దగ్గరపడుతున్న కొద్దీ మాత్రం ఆయన వర్ణించడం తగ్గించారు. తెర ముందు కూర్చుని, "ముందు నువ్వు సెప్పు," అనేవారు. నేను చెప్పేదాన్ని. ఆయన తలూపేవారు. ఇంకా నాకు పరీక్షలు పెడుతూనే ఉన్నారని మురిసిపోయాను.

పాతనగరం నుంచి పడమరంతా పోర్టు ధూళి. రంజాన్ ఆఖరి నెలవంక అంత సన్నంగా ఉండేటప్పుడు ఆ ధూళిని నమ్ముకోలేమని, వాళ్ళిద్దరినీ మా ఆయన కారులో సబ్బవరం తీసుకొచ్చాడు. టీవీని డాబా ఎక్కించాం. సూర్యుడు దిగగానే సారూ ఫాతిమమ్మా ఖర్జూరం తిని, నీళ్ళు తాగి ఉపవాసం విప్పారు. ఆయన కుర్చీలోనే నమాజు చేసుకున్నారు. తరవాత ఆ కుర్చీని తెరకి జానెడు దూరంలో వేశాను. ఫాతిమమ్మ ఆయన వెనక నిలబడింది. నేను కెమెరా దగ్గర, వేలు బటను మీద పెట్టుకుని నిలబడ్డాను. మా ఆయన కిందికి వెళ్ళిపోయాడు, నా టెన్షను చూడలేక.

తెర మీద మొదట నారింజ రంగు, తరవాత బూడిద రంగు. ఎంతకీ అంతే. ఇవాళ రాదేమో అనుకుంటున్నంతలో, బూడిద రంగులో ఒక పోగు మెరిసింది. అదే! వణుకుతూ, అక్కడే ఉంది.

"వచ్చింది సార్! వచ్చేసింది!" అని అరిచాను. మాట్లాడకూడదన్న నియమం గాలికి పోయింది. ఆయన ముందుకి వంగారు. తరవాత నెమ్మదిగా, "నువ్వు సూసావా, అది సూసిందా?" అని అడిగారు.

"అది చూసింది సార్."

"అది సూత్తే సాలదు. నువ్వెల్లి నీ కళ్ళతో సూడు."

ఆయన చెప్పాక ఆగేదేముంది? పిట్టగోడ దగ్గరికి పరిగెత్తాను. మామూలు కళ్ళకి అంత తొందరగా దొరకలేదు. కొండ అంచు నుంచి మెల్లగా పైకి వెతుక్కుంటూ వెళ్ళాను. ఒకచోట ఉన్నట్టే ఉంది, రెప్ప వేస్తే లేదు. మళ్ళీ వెతికాను. ఈసారి నిలబడింది. నేనే చూశాను, ఎవరూ వేలు చూపించకుండా చూశాను. వెనక నుంచి సార్ గొంతు వినబడింది.

"కనబడింది! రూతూ, కనబడిందమ్మా. ఎంత సన్నగా ఉందో!"

ఇన్ని నెలల బరువు ఒక్కసారిగా దిగిపోయి, ఏడుపూ నవ్వూ కలిసిపోయి వెనక్కి తిరిగాను. తెర నల్లగా ఉంది.

నా వేలు బటను మీద లేదు. నేను ఆకాశంలో వెతుక్కుంటున్నంతసేపూ ఎవరూ ముట్టుకోలేదు. కెమెరా నిద్రపోయింది. ఆయన ఆ నల్లటి తెర వైపే మొహం పెట్టి, రెండు చేతులూ ఎత్తి, దువా చేసుకుంటున్నారు. పెదవులు కదులుతున్నాయి. ఫాతిమమ్మ నా వైపు చూసింది. ఆయన కుర్చీ వెనక నిలబడే, పెదవుల మీద వేలు పెట్టుకుంది.

"కొమ్ములు ఎటున్నాయమ్మా?" అన్నారు సార్.

"పైకే ఉన్నాయి సార్. రెండూ పైకే ఉన్నాయి," అన్నాను. నేను చూసిందే చెప్పాను.

"అవును. పైకే," అన్నారు.

అడుగు చప్పుడు కాకుండా వెళ్ళి బటను నొక్కాను. నెలవంక తెర మీదికి తిరిగి వచ్చింది. ఆ వెలుతురు ఆయన మొహం మీద పడింది. ఆ మొహంలో ఏ మార్పూ లేదు. కాసేపటికి దూరంగా మసీదు మైకులో రేపే పండగని చెప్పారు. ఆయన నా తల కోసం తడుముతూ చెయ్యి చాస్తే, నేనే వంగి తలను ఆ చేతి కిందికి తెచ్చుకున్నాను.

ఆ ఏడు చలి మొదలవకముందే ఆయన గుండె ఆగి పోయారు. నాకు కబురు వచ్చినప్పుడు డ్యూటీలో ఉన్నాను. పాతనగరం వెళ్ళేసరికి ఇల్లంతా మనుషులు. అందరూ వెళ్ళాక ఫాతిమమ్మ వరండాలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఆ పండగకి నెల ముందునించే ఆయనకి టీవీ ఎలిగిందో లేదో కూడా తెలిసేది కాదు పిల్లా," అంది. "నాతో సెప్పారు. నీతో సెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. ఆ పిల్ల ఇన్నాళ్ళు పడరాని పాట్లు పడింది, దాని సేతిలో పని దాన్ని అవ్వనీ అన్నారు."

ప్రమోషను కోసం అనని మాట, పైవాళ్ళు బతిమాలినా అనని మాట, చిన్నప్పుడు ఒక్కసారి అన్నందుకు జీవితమంతా కుమిలిపోయిన మాట, నా కోసం అన్నారు. మొదట నాకు కోపమే వచ్చింది. ముందే చెప్పి ఉంటే ఆ తీగలూ తెరలూ అవతల పారేసి, ఆ నెలంతా ఆయన పక్కన ఊరికే కూర్చుని ఉండేదాన్ని కదా అనిపించింది. ఆ తరవాత వచ్చింది దుఃఖం. అది ఇంకా తీరలేదు. తీరాలని నాకూ లేదు.

ఉద్యోగంలో ఇప్పుడు నా గదిలోకి వచ్చే ట్రైనీలను నేనూ ఏం చూశావో చెప్పమనే అడుగుతాను. వాళ్ళూ నా వెనకాల తిట్టుకుంటారని తెలుసు. నెలనెలా డాబా ఎక్కి, కెమెరా పక్కన నిలబడి, బటను తడుతూ నెలవంక కోసం చూస్తాను. ఆ సాయంత్రం ఫాతిమమ్మ ఫోను చేస్తుంది. కనబడితే కనబడిందంటాను, లేకపోతే లేదంటాను. ఈమధ్య ఆమె మంచం దిగడం లేదు. చూసుకోవడానికి చెల్లెలి కూతురు వచ్చి ఉంటోంది. పోయిన వారం వెళ్ళినప్పుడు నన్ను గుర్తుపట్టడానికి కూడా కొంచెంసేపు పట్టింది. ఈ రోజు ఫోను రాదేమో అనుకున్నాను. ఇదంతా తలుచుకుంటూ తెర ముందు నిలబడి ఉండగానే మోగింది.

"కనబడిందేటి పిల్లా?" గొంతు దారంలా ఉంది.

పడమట మబ్బు ఇంకా నల్లబడింది. తెర మీద బూడిద రంగు తప్ప ఏమీ లేదు. నా వేలు బటను మీదే ఉంది.

"కనబడిందమ్మా," అన్నాను.

"నిజంగానా? కొమ్ములు ఎటున్నాయి?"

"కొంచెం ఎడమకి ఒరిగి ఉన్నాయమ్మా. సన్నగా, చాలా బాగుంది."

ఫోనులోంచి ఏదో చప్పుడు వినబడింది. వాళ్ళ వరండా రేకుల చప్పుడు. నాకు బాగా తెలిసిన చప్పుడు.

"ఇక్కడ వాన దంచేత్తంది పిల్లా," అంది ఫాతిమమ్మ. "అబద్ధం సెప్పడం ఆయనకీ సేతకాలేదు, నీకూ సేతకాలేదు."

ఇద్దరం నవ్వాం. ఆమె నవ్వు దగ్గులో ఆగిపోయింది. వచ్చే నెల మళ్ళీ సూసి సెప్పు, మర్సిపోకు అని ఫోను పెట్టేసింది. ఇక్కడా చినుకులు మొదలయ్యాయి. గుడ్డ తెచ్చి కెమెరా మీద కప్పబోతూ, బటను ఇంకొక్కసారి నొక్కాను.